మా పద్మినికి చట్రం వేయించాలా?

మా నాన్న రైల్వే వ్యాగన్ షాపులో ఫిట్టరుగా రిటైరయ్యారు. బండన్నాక కింద ఉక్కు చట్రం ఉండి తీరాలన్నది ఆయన సిద్ధాంతం. మా పాత పద్మిని కారుకి విడిగా చట్రమంటూ లేదు, బాడీయే దానికి చట్రం. అందుకని గతుకు వచ్చినప్పుడల్లా, కారెక్కడ విడిపోతుందో అన్నట్టు, తలుపు పిడి పట్టుకు కూర్చుంటారు. కింద రెండు ఇనప చానళ్లు వెల్డింగ్ చేయించమని ఏళ్లుగా ఒకటే పోరు.

ఆ పోరు పడలేక ఈ రోజు భన్‌పురిలో వెల్డర్ సాహూజీ దగ్గరికి కారునీ నాన్ననీ తీసుకెళ్లాను. సాహూజీ కారు వెనక చక్రం ఒకటి జాకీతో పైకి లేపి, "బాబూజీ, అబ్ దర్వాజా బంద్ కరో" అన్నాడు. బాడీలో బలం తగ్గిన కారైతే అలా లేపగానే మెలి తిరిగి తలుపులు పట్టేస్తాయట.

నాన్న తలుపు వేశారు. టక్కుమని పడింది. నాలుగు తలుపులూ రెండేసి సార్లు వేసి చూశారు. అంతటితో ఆగక, సంచిలోంచి డ్యూటీ నాటి సుత్తి తీసి, పగుళ్ల కోసం వ్యాగన్ చక్రాలను కొట్టి విన్నట్టే కారు అడుగంతా కొట్టి విన్నారు.

"ఏటి నాన్నా, చానల్ ఏయించీమంటావా?" అన్నాను.

"ఒద్దమ్మా. బాగున్న కాలికి కర్రకట్టు ఎవుడు కడతాడు?" అని, ఇన్నేళ్లూ కట్టమన్నది నేనే అన్నట్టు నావైపు చూశారు.

తిరిగొస్తూ గుఢియారీ రోడ్డు గతుకుల్లో ఓరకంట గమనించాను. ఆయన చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి.

ఇప్పుడు ఇంట్లో తలుపులన్నీ వేసి చూస్తున్నారు. బాత్రూం తలుపు పట్టేసింది. ఇల్లు ఏ మూల లేచిందో తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి, సుత్తి ఇంకా ఆయన చేతిలోనే ఉంది.