వదినె చూసిన బందరు

"నా కండ్లు పోకముందే ఒక్కసారి బందరు సూపియ్యి" అంది శాంత వదినె. ఆపరేషన్‌తో లాభం లేదని కంటి డాక్టరు చెప్పిన మర్నాడు. డెబ్బై ఏడు నవంబరులో మా అన్న అద్దకం దుప్పట్లు కొనుక్కొస్తానని లాల్‌దర్వాజా నుంచి బందరు వెళ్లాడు. ఉప్పెన వచ్చింది. అన్న రాలేదు, శవమూ దొరకలేదు. పన్నెండేళ్లు నిండాక కర్మ చేద్దామని మా అమ్మ అంటే వదినె తలుపేసుకుంది. ఇప్పటికీ రోజూ గిన్నె అడుగున ఆయనకని ఒక ముద్ద ఉంచుతుంది. తెల్లారి అది సందులో ఆవుకు పోతుంది.

పొద్దున్నే అయిదింటికి ఇమ్లీబన్‌లో బస్సెక్కాం. విజయవాడలో బస్సు మారాం. పక్క సీటు పెద్దాయన "బందరులో చుట్టాలున్నారాండీ?" అని అడిగాడు.

"మా ఇంటాయన ఉన్నడు" అంది వదినె. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఒంటిగంటకు దిగాం. హోటల్లో భోజనం చేసి ఆటో మాట్లాడుకున్నాం. రేవు చూద్దామని వెళ్లేవాళ్లకు ముందే చెబుతున్నాను, పాత రేవు లేదు, బురద ఉంది. గోల్కొండ సుల్తానులకు సముద్రం మీదికి వాకిలి ఇదే. మన వజ్రాలు, ఇక్కడి అద్దకాలు ఇక్కడే ఓడలెక్కాయి. దీనికోసం డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు కొట్టుకున్నారు. వ్యాపారం మద్రాసు పాలయ్యాక, ఇంగ్లీషువాళ్ల కాలంలోనే ఒక ఉప్పెన వేలమందిని మింగింది. రేవు పక్కనున్న పాత కోటలో ఇప్పుడు మొండిగోడలు, తుమ్మచెట్లు.

"ఇంకేముందండీ, డచ్చి సమాధులున్నాయి" అని ఆటోవాడు అక్కడికి తీసుకెళ్లాడు. వదినె వంగి రాతి మీద అక్షరాలు తడిమింది.

"ఏం రాసిండ్రు?"

"పేర్లు వదినె. వ్యాపారానికొచ్చి ఇక్కడే చచ్చిపోయినవాళ్లు."

ఆమె చాలాసేపు చెయ్యి తీయలేదు. "ఏడికెల్లో అచ్చినోళ్లకు గిన్నేండ్లయినా పేరున్నది. మనోనికి నేను గిన్ని నీళ్లు గూడ ఇయ్యనియ్యలే."



మంగినపూడి సముద్రపొడ్డున ఆమె కొంగుముడి విప్పింది. నల్లనువ్వులు. ఇంటినుంచే తెచ్చింది. "తమ్మునివి, నువ్వియ్యి" అంది. అన్న పేరు, గోత్రం చెప్పి నీళ్లొదిలాను. వెనక వదినె గట్టిగా ఏడ్చింది. అన్ని ఏళ్లలో ఆమె ఏడవగా నేను వినడం అదే మొదలు.

సాయంత్రమే తిరుగు బస్సెక్కాం. బందరు చూడాల్సిన ఊరే, గొప్పలు చూద్దామని మాత్రం వెళ్లొద్దు. సూర్యాపేట దాటాక వదినె పులిహోర డబ్బా తీసింది. నాకు పెట్టి తనూ తింది. అడుగున ముద్ద మిగిలింది. మూత పెట్టబోయి ఆగింది.

"రేపటికి పాడైతది" అని తనే తినేసింది. తర్వాత కిటికీలోంచి నీళ్లు వంచి డబ్బా కడిగింది.