నొక్కకూడని పండు

బేతంచెర్ల దగ్గరపడేసరికి, రైలు నడుస్తోందో ఆగిందో తెలియడం లేదు. కిటికీ బయట నాపరాళ్ల పొడి తెల్లగా, మంచులా ఎండలో తేలుతోంది. నాకు కళ్లు మూతపడుతున్నాయి. ఎదురు సీట్లో నలభై దాటినావిడ తన బుట్టలోంచి బనగానపల్లె మామిడిపండు తీసి నాకిచ్చింది. మాగిందో లేదోనని బొటనవేలు ఆనించాను. ఆమె నా చేయి పట్టుకుంది.

"నొక్కొద్దు మ్మా, రేపటికి ఆ చోటు నల్లబడతాది. తొడిమ కాడ వాసన చూడు."

పొత్తికడుపు మీదున్న నా రెండో చేతిని కూడా ఆమె చూసింది.

"గడ్డనా?"

అవునన్నాను. గర్భసంచి తీయించుకోమని ఇంట్లో అందరూ అంటున్నారని, నేనూ సరేనన్నానని చెప్పాను.

"మా వీధిలో శానామంది తీయించుకున్నారు. నాకు కోయకుండా, పైనుంచే శబ్ద తరంగాల వేడితో గడ్డను కాల్చినారు. అది గట్టిగా ఉండాదా, మెత్తబడతాందా అని ఇప్పుడు స్కానింగులో చూస్తాండారు. తెర మీద రంగుల్లో తెలుస్తాది. ఆ కాల్చే వైద్యం అందరికీ కుదరదంట. నీకు కుదురుతాదేమో డాక్టర్ను అడిగి చూడు."

"స్కానింగు నొప్పి పెడుతుందా అక్కా?"

ఆమె నవ్వింది.

"పండు నల్లబడకుండా నొక్కి చూసే మిషను మ్మా అది."

ఆమె బేతంచెర్లలో దిగి, ఆ తెల్లటి పొడిలో కలిసిపోయింది. పేరైనా అడగలేదు నేను.

కర్నూలులో డాక్టరమ్మ ఆపరేషన్‌కు ఏ రోజు వీలవుతుందని అడిగింది. నా సంచిలోంచి మామిడిపండు వాసన వస్తోంది.

"అంతకంటే ముందు ఒకటి అడగాలి మేడమ్" అన్నాను.