తెర కింద అక్షరాలు

ఆఫీసుకు రావడం తప్పనిసరి అని మెయిలు వచ్చిన రోజున నేను సంతోషించానని ముందే ఒప్పుకుంటాను. చందానగర్‌లో మాది రెండు గదుల ఫ్లాటు. డైనింగ్ టేబులే నా ఆఫీసుగా ఏళ్లు గడిచాయి. కుక్కర్ కూత వేసినప్పుడల్లా మైకు ఆపేసుకుంటూ పనిచేసినదాన్ని. వారానికి మూడు రోజులు అందరూ మళ్లీ హైటెక్ సిటీకి వస్తారంటే, టీమ్ లీడుగా నా పని తేలికవుతుందనే అనుకున్నాను.

మా టీములో ఎనిమిది మందిమి. వాళ్లలో ఒకతను ఇళ్ల నుంచి పనిచేసే రోజుల్లోనే చేరాడు. సిద్దిపేట వైపువాడు, ముప్పై ఏళ్లుంటాయి, కొత్తగూడలో అద్దెకుండేవాడు. రెండేళ్లు అతన్ని తెర మీదే చూశాను. ఏ మీటింగులోనైనా మొదటి ప్రశ్న అతనిదే. క్లయింటు మాటల్లో మేమెవరం పట్టించుకోని చిన్న విషయం కూడా అతనికి గుర్తుండేది.

ఆఫీసుకు వచ్చాక ఆ మనిషే మారిపోయాడు. మీటింగు గదిలో నోరు విప్పేవాడు కాదు. నేనేదైనా అడిగితే నవ్వి తలూపేవాడు. ఒకసారి మేము అనుకున్న పని వదిలేసి వేరే పని చేసుకొచ్చాడు. క్యాంటీన్‌లో ఒక్కడే తినేవాడు. మిగతావాళ్లు పొగరనుకున్నారు. నేను కాదనలేదు. పైగా ఆర్నెల్ల రివ్యూలో ‘చొరవ తగ్గింది, టీముతో కలవడం లేదు’ అని రాశాను.

అది చదివి అతను నా సీటు దగ్గరికి వచ్చాడు.

“మేడం, జర బయట మాట్లాడుదామా?”

మెట్ల దగ్గర సందడి లేని చోటు చూసి ఆగాడు. చెవుల మీదికి పెంచుకున్న జుట్టు పక్కకు తీశాడు. రెండు చెవులకూ చిన్న చిన్న వినికిడి మిషన్లు.

“చిన్నప్పుడు జరమొచ్చి చెవులు పోయినయ్ మేడం. ఎదురుంగ ఒక్కరు మాట్లాడితే సమజైతది. గదిల ఆరుగురు ఒక్కసారి మాట్లాడితే అంత గోలే. ఇంట్ల ఉన్నప్పుడు స్క్రీన్ కింద మీ మాటలన్ని అక్షరాలు పడుతుండె. ఒక్క ముక్క పోనియ్యలే.”

“ముందే చెప్పి ఉంటే బాగుండేది కదండీ?”

“ఇంతకుముందు ఒక కంపెనీల చెప్పిన. ఆళ్లు మంచోళ్లే. కాని ఆ రోజు సంది నాతోని చిన్న పిల్లగానితోని మాట్లాడినట్టు మాట్లాడిన్రు. ఇక్కడ రెండేండ్లు అందరి లెక్కనే ఉన్న. అది ఎందుకు పోగొట్టుకోవాలె అనుకున్న.”

అతను ఒక్క ముక్క పోకుండా విన్న ఆ మీటింగుల్లోనే నేను కెమెరా ఆపుకుని బెండకాయలు తరుక్కున్నాను. అలాంటి నేను అతనికి చొరవ లేదని రాశాను.

ఆ సాయంత్రమే రివ్యూ తిరగరాశాను. వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి పనిచేయనివ్వమని అతనితో అర్జీ పెట్టించాను. హెచ్‌ఆర్ వాళ్లు డాక్టరు సర్టిఫికెట్ కావాలన్నారు.

“ఇన్నేండ్లు దాచిపెట్టుకున్నదానికి ఇప్పుడు దవాఖాన ముద్ర కావాల్నట” అని నవ్వాడు గానీ, మర్నాడే తెచ్చి ఇచ్చాడు.

జవాబు రావడానికి నెల పట్టింది. ఈలోగా మిగతావాళ్లకు మూడు రోజులు కాస్తా ఐదయ్యాయి. అతనికి మాత్రం రెండు రోజులు ఇంట్లో ఉండొచ్చన్నారు. ఎందుకో అతని అనుమతితో టీములో అందరికీ చెప్పాను. “మాకూ చెవుడొస్తే బాగుండు” అన్నాడు మా టీములో ఒకడు. ఈసారి ఊరుకోలేదు. మదీనాగూడ నుంచి రోజూ గంటన్నర ట్రాఫిక్‌లో వచ్చేవాడి అలసట అది, నాకు తెలుసు. అయినా గట్టిగానే కసిరాను.

అప్పట్నుంచి ఒకే గదిలో కూర్చున్నా లాప్‌టాపులు తెరిచి, మాటలు అక్షరాలుగా పడేలా పెట్టుకున్నాం. ఒకరు ముగించాకే మరొకరు. మొదట్లో నత్తనడకగా అనిపించింది. మా తెలుగు మాటల్ని లాప్‌టాపు ఇంగ్లిషనుకుని ఏవేవో రాసేది. వాటిని చదివి అందరికంటే ఎక్కువ నవ్వేది అతనే.

కొన్నాళ్లకు మొత్తం ఆఫీసుకు సభ జరిగింది. మా పై అధికారి అటూ ఇటూ నడుస్తూ, ఆఫీసుకు రావడం వల్ల మనుషులు ఎలా దగ్గరవుతారో చెబుతున్నారు. నా పక్కనుంచి చెయ్యి లేచింది.

“సార్, జర ఇటు తిరిగి మాట్లాడండి. నాకు సరిగ్గ వినపడతలేదు.”

హాలంతా మావైపు తిరిగింది. ఆయన ఒక్క క్షణం తడబడి, దగ్గరగా వచ్చి నిలబడి, మొదటినుంచీ మళ్లీ చెప్పారు.

సభ అయ్యాక వేరే విభాగంలో పనిచేసే ఒకావిడ మా దగ్గరికి వచ్చారు. నాకంటే పెద్దావిడ. లిఫ్టులో రోజూ చూసే ముఖమే.

“మీరు చెవికి మిషన్లు వాడుతుంటే, ఎక్కడ తీసుకున్నారో చెబుతారా అండీ? నాకు రెండేళ్లుగా ఎడమ చెవి పనిచేయడం లేదు. ఎవరికీ చెప్పలేదు” అన్నారు అతనితో.

అతను ఆవిడ కుడివైపుకు మారి, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు.