చేతులు చాలని రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులకంటే పట్టుపురుగులకు మర్యాద ఎక్కువ. పుంగనూరుకూ మదనపల్లెకూ మధ్య ఉన్న పల్లె మాది. ఉన్న రెండు గదుల్లో గాలీ వెలుతురూ బాగా వచ్చేదాన్ని పురుగులకిచ్చి, రెండోదాంట్లో మేం సర్దుకున్నాం. పురుగుల గది గడప దగ్గర సున్నపు పొడి చల్లి ఉండేది. కాళ్లు కడుక్కుని, దాన్ని తొక్కి లోపలికి పోవాలి. పురుడు మైల, నెల మైల ఉన్నవాళ్లు ఆ గడప దాటకూడదు. ఈ చట్టాలన్నిటికీ కాపలా మా అవ్వ. పురుగులను చూడడానికి వచ్చిన ఆఫీసరుకే ఒకనాడు రెండుసార్లు కాళ్లు కడిగించింది.

నేను మూడో క్లాసులో ఉండగా నాకు తమ్ముడు పుట్టాడు. మదనపల్లె ఆసుపత్రిలో పదకొండు రోజులు బతికాడు. పేరు పెట్టే లోపే పోయాడు. అమ్మ ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. ఏడవలేదు. ముద్ద కలిపి నోటిదాకా తెస్తే మింగేది, తేకపోతే అడిగేది కాదు. వచ్చిన రోజు మాత్రం, ఎవరినీ చూడకుండా ఒక్క మాట అంది: "పదకొండు దినాలకు యాల పుట్టినట్టు వాడు?"

నాకది పరీక్షలో ప్రశ్నలాగా వినిపించింది. జవాబు తెచ్చిస్తే అమ్మ లేస్తుందనుకున్నాను. మనిషి ఎందుకు పుడతాడో కనుక్కోవడం అప్పట్లో నాకు పెద్ద పనిగా అనిపించలేదు. పదమూడో ఎక్కం అంతకంటే కష్టం.

మొదట తాతయ్యను అడిగాను. చేసిన కర్మ తీరేదాకా ప్రాణం పుడుతూ పోతూ ఉంటుందని, అంతా తీరిన నాడు ఇక పుట్టే పని ఉండదని, మనిషి పుట్టేది ఆ విడుదల కోసమేనని చెప్పాడు. "వానికి ఈడ పదకొండు దినాల పనే మిగిలి ఉండె పాపా. ముగించుకొని పోయినాడు" అన్నాడు. అన్నాక పైగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. అంత బాగా పని ముగించుకున్నవాడి కోసం తాతయ్య ఎందుకు ఏడుస్తున్నాడో నాకర్థం కాలేదు.

ఆసుపత్రిలో తమ్ముణ్ణి చూసుకున్న నర్సమ్మ క్రైస్తవురాలు. ఒక ఆదివారం ప్రార్థన ముగించుకొని, బస్సెక్కి అమ్మను చూడడానికి వచ్చింది. దేవుడు మనల్ని పుట్టించింది ప్రేమించడానికీ, ఆయన్నీ పక్కవాళ్లనూ ప్రేమించడం నేర్చుకోవడానికీ అని ఆమె చెప్పింది. "వాడు ఆ పదకొండు దినాలూ ఇంకే పనీ చెయ్యలేదు కదమ్మా. నా వేలు పట్టుకుంటే వదిలేవాడే కాదు" అంది.

మా పట్టుగూళ్లు కొనడానికి పుంగనూరు నుంచి వచ్చే సాయిబు మామను కూడా వదల్లేదు. అల్లాను కొలవడానికే మనిషి పుట్టాడని, ఈ బతుకు ఒక పరీక్ష అని, బిడ్డలు మన చేతికిచ్చిన అమానత్ అని, అంటే అడిగినప్పుడు తిరిగి ఇచ్చేయాల్సిన సొత్తు అని చెప్పాడు. "పసిబిడ్డకు పరీక్ష లేదు పాపా. మీ తమ్ముడు స్వర్గం వాకిట్లో నిలబడుకోనుంటాడు. మీయమ్మ పోతే కొంగు పట్టుకోని లోపలికి తీసుకుపోతాడు, సూడు."

ముగ్గురి జవాబులూ బట్టీ పట్టి అమ్మ వీపుకు అప్పజెప్పాను. కొంగు మాట దగ్గర వీపు కొంచెం కదిలింది. తర్వాత దుప్పటి తల మీదికి పోయింది. నాకు వచ్చిన మార్కులు ఎన్నో తెలిసిపోయింది.

ఆ వారంలోనే మా పురుగు పండింది. పట్టుపురుగు దాదాపు నాలుగు వారాలు తిని తిని, ఒక పొద్దున తినడం మానేస్తుంది. ఒళ్లు పచ్చబడి, వెలుతురుకు పట్టి చూస్తే అవతలి వెలుగు తెలిసేంత పలచనవుతుంది. తల పైకెత్తి గాలిలో దేన్నో వెతుకుతుంది. దాన్నే పండడం అంటాం. పండినవాటిని ఒక్కొక్కటిగా ఏరి చంద్రికల మీద, అంటే గూడు కట్టుకోవడానికి అల్లిన వెదురు తడికల మీద వేయాలి. ఆలస్యమైతే ఆకుల్లో, పెంటలోనే కట్టేసి గూడు మరకపడుతుంది. అందుకే ఒక ఇంట్లో పురుగు పండితే ఊళ్లో ఆడవాళ్లు పిలవకుండానే వస్తారు. అది మా వైపు ఆనవాయితీ.

ఆ రోజు ఎవరూ రాలేదు. నాన్న చాలని చంద్రికలు బాడుగకు తేవడానికి ముందు రోజే కుప్పం పోయాడు. తాతయ్యకు చూపు ఆనదు. నేను ఒక పురుగును ఏరేలోపు నాలుగు పండుతున్నాయి. అవ్వ వాకిట్లోకి పోయి వచ్చింది, మళ్లీ పోయి వచ్చింది. చివరికి అమ్మ పక్కన నిలబడింది.

"అమ్మీ, పురుగు పండింది. చేతులు చాలవు."

దుప్పటిలోంచి మాట వచ్చింది. "నాకు మైల కదత్తా."

"పురుగునడిగే వచ్చినా. దానికేం పట్టింపు లేదంట."

ఆఫీసరుకు రెండుసార్లు కాళ్లు కడిగించిన మనిషి ఆ మాట అంది. అమ్మ లేచింది. గోడ పట్టుకొని నడిచి, కాళ్లు కడుక్కుని, సున్నపు పొడి తొక్కి లోపలికి వచ్చింది. ఒక పురుగును ఏరి అరచేతిలో పెట్టుకొని కిటికీ వెలుగులో చూసింది. దానికి తొందర ఎక్కువ, అమ్మ బొటనవేలికే పోగు వేయడం మొదలుపెట్టింది. అమ్మ అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే రెండో చేత్తో ఏరింది. అవ్వ ఓదార్చలేదు. "ఆ మూల తట్ట కూడా సూడు" అంది, అంతే. పొద్దు వాలేటప్పటికి అమ్మ నా వైపు తిరిగి, "అన్నం తిన్యావా?" అని అడిగింది.

ఆ పంటలో చాలా గూడు మరకపడింది. సాయిబు మామ వాటిని పక్కకు తీస్తూ అవ్వ ముఖం చూశాడు.

తర్వాత నేను కాలేజీలో తత్త్వశాస్త్రం చదివాను. దుఃఖం ఆగడమే గమ్యమన్న బౌద్ధుల గురించీ, చీమకు కూడా కీడు చేయకుండా జీవుడికి పట్టిన కర్మను కడుక్కోమన్న జైనుల గురించీ రాసి, పెద్దగా ఎవరికీ నష్టం లేకుండా పాసయ్యాను. ఎవరి జవాబునూ తక్కువ చేయను. మా అమ్మ ఆ మూడింటినీ దాచుకుంది. ముసలితనంలో కొంగు నడుముకు దోపుకునేది కాదు. కాళ్లకు తగులుతుందమ్మా అంటే, ఉండనీలే, ఎవరైనా పట్టుకోవాలంటే దొరకాల కదా అనేది.

అవ్వ పోయిన చాలా ఏళ్లకు పక్కింటి అక్క ఒక సంగతి చెప్పింది. ఆ రోజు పురుగు ఏరడానికి నలుగురు వచ్చారట. అవ్వ వాకిట్లోనే చేతులు పట్టుకొని వెనక్కి పంపేసిందట. "మీరు వస్తే అది లేయదు, పోండమ్మా" అందట.

ఇప్పుడు నాకు అవ్వ వయసు. బిడ్డ పోయిన ఇంటికి పోతే, మనిషి ఎందుకు పుడతాడో చెప్పేవాళ్లు అక్కడ ముందే ఉంటారు. వాళ్లు చెప్పేది నిజమే అయి ఉంటుంది. అయితే అది వినాలన్నా ముందు గోడవైపు నుంచి ఇటు తిరగాలి కదా. నేను వంటింట్లోకి పోయి, అక్కడున్న నలుగురినీ బయటికి పంపేస్తాను. అనపకాయల తట్ట తీసుకొచ్చి ఆ తల్లి పక్కన పెట్టి, వలవాలమ్మా, చేతులు చాలడం లేదు అంటాను.

ఇంత పెద్ద అబద్ధం ఆడేటప్పుడు నా గొంతు ఎప్పుడూ వణకలేదు.