సన్న సూది

నిమ్మకాయలో సూది దిగినప్పుడు వచ్చే వాసన వేరు. కోసినప్పుడు వచ్చే వాసన కాదది. తొక్కలోని నూనె సన్నగా చిమ్మి, ముక్కు దాకా వచ్చి, కాసేపు అక్కడే ఉండిపోతుంది. మొన్న విశాఖపట్నంలో ఒక కంపెనీ ఉద్యోగులకు క్లాసు చెప్పడానికి వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరిదో కొత్త కారు కోసం దిష్టి దండ గుచ్చుతున్నాడు. ఆ వాసన తగలగానే రిజిస్టరు మీద సంతకం పెట్టబోతున్న నా చెయ్యి ఆగిపోయింది. "మేడమ్, టైము కూడా రాయండి" అని అతను రెండుసార్లు చెప్పాక గానీ నేను ఈ లోకంలోకి రాలేదు.

నన్ను వెల్‌నెస్ కోచ్ అంటారు. మనుషులు పనిలో పడి లోపల్లోపలే మాడిపోకుండా చూడటం నా ఉద్యోగం. ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే బెంగళూరులో చేసిన కోర్సు పేరు చెబుతాను. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. నాకు మొదట నేర్పింది సాలూరులో ఒక లారీ ఆఫీసు యార్డులో, రేకుల షెడ్డు కింద కూర్చునే సింహాచలం మావయ్య. నేర్పుతున్నానని ఆయన చెప్పలేదు. నేర్చుకుంటున్నానని నాకూ తెలియలేదు. తెలిసి ఉంటే ఒక మనిషి బతికి ఉండేవాడు.

రాష్ట్రం రెండు కాకముందు సంగతి. డిగ్రీ అవగానే ఆ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఏ బండి ఎక్కడుందో, ఏ లోడు ఎప్పుడు ఎత్తాలో రాసిపెట్టడం నా పని. సింహాచలం మావయ్య ముప్ఫై ఏళ్ళు లారీ తోలి, మోకాళ్ళు అరిగిపోయి, యార్డులో ఉండిపోయినవాడు. టైర్లు తట్టి చూసి, టార్పాలిన్ తాళ్ళు లాగి చూసి, చివరికి డ్రైవరు చేతిలో తాళం పెట్టేవాడు. ఆయన తాళం ఇవ్వనిదే బండి గేటు దాటేది కాదు. దానికి ఆయనదొక పద్ధతి. బయల్దేరే ముందు ప్రతి డ్రైవరూ తన బండికి తనే దిష్టి దండ గుచ్చుకోవాలి. ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు. దబ్బనంతో గుచ్చితే క్షణంలో అయ్యే పనికి ఆయన బట్టలు కుట్టుకునే సన్న సూదే ఇచ్చేవాడు. దండ అవగానే సూదిలోంచి దారం లాగేసి, ఖాళీ సూదిని తన రేకు డబ్బాలో పెట్టేసేవాడు. తర్వాత వచ్చినవాడు మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాల్సిందే.

బజార్లో గుచ్చిన దండలే దొరుకుతాయి కదా అని ఒకసారి నవ్వాను. నేను చదువుకున్నదాన్ని, ఆయన మూఢనమ్మకాలు చూస్తే నాకు ముద్దొచ్చేది. ఆయన బీడీ ఆర్పి, "కొన్న దండ బండికి అంటదు అమ్మీ" అన్నాడు. లేచి టైర్లు తట్టడానికి వెళ్ళిపోయాడు.

ఒక మధ్యాహ్నం తవుడు అనే డ్రైవరు ఆ సూదితో కుస్తీ పడుతున్నాడు. దారం పెదాలతో తడుపుతాడు, కన్ను చికిలిస్తాడు, దారం సూది బెజ్జం పక్కనుంచి పోతుంది. మావయ్య అయిదారు సార్లు చూసి, వాడి చేతిలోంచి సూది మెల్లిగా తీసుకున్నాడు. "ఈయాల నీ బండికి మనసు లేదురా తవుడూ. ఎల్లి తొంగో. రేపు సూద్దాం." తవుడు గొణుక్కుంటూ నులకమంచం మీద పడి, మర్నాడు పొద్దెక్కేదాకా లేవలేదు. లోడు ఇంకా కదల్లేదేమని ఓనరు ఫోన్ చేస్తే మావయ్య, "దండ కుదరలేదు బాబూ" అన్నాడు. దిష్టి అంటే ఓనరుకూ భయమే. వెంటనే ఫోన్ పెట్టేశాడు.

నా మీద కూడా ఆ సూది ప్రయోగించాడు. లెక్కల ముగింపు రోజుల్లో వారం పాటు సరిగ్గా తినక, పడుకోక కుర్చీకి అతుక్కుపోయాను. మావయ్య కిటికీ దగ్గరకొచ్చి, "అమ్మీ, నువ్వూ ఓ కాయ గుచ్చు సూద్దాం" అని సూదీ దారం చేతిలో పెట్టాడు. నాకు ఎక్కలేదు. నవ్వాను గానీ, ఎంతకీ ఎక్కకపోయేసరికి ఏడుపొచ్చింది. "బేగి ఇంటికెల్లు. కాయితాలు పారిపోవులే" అని నాలుగు గంటల బస్సు ఎక్కించాడు. ముసలాయనకు నా మీద అభిమానం అనుకున్నాను. అంత చదువుకుని కూడా అసలు సంగతి నా బుర్రకు తట్టలేదు.

ఆ వేసవిలోనే పైడిరాజు సంగతి జరిగింది. రాయపూర్ నుంచి పొద్దున్నే వచ్చాడు. మధ్యాహ్నానికి మళ్ళీ లోడు సిద్ధంగా ఉంది. ఇప్పుడే వెళ్ళొస్తే శనివారానికి ఇంటి దగ్గర ఉండొచ్చని అతని ఆశ. మావయ్య అవతల వెనక టైర్లు తడుతున్నాడు. పైడిరాజు సూది పట్టుకుని నా కిటికీ దగ్గరకొచ్చాడు.

"అమ్మీ, కాసింత దారం ఎక్కించి పెట్టవా. ఎండ కంట్లో కొడతన్నాది."

"ఎందుకన్నా అంత తొందర?"

"శనివారం మా గుంట బల్లో డేన్సు ఆడతాది. నాను ఎదురుగా కూకోకపోతే ఆడదంట."

కూతురి మీద అతని ముచ్చటకు నవ్వి సూది తీసుకున్నాను. ఒక్క పోటుకే దారం ఎక్కింది. నా కళ్ళు ఎంత చురుకో అని మురిసిపోయాను కూడా. అతను వెళ్ళి కాయలు గుచ్చాడు. మావయ్య వచ్చి దండ చూసి, "నువ్వే గుచ్చినావేట్రా?" అని అడిగాడు. "నానే మావా" అన్నాడు పైడిరాజు. అదీ నిజమే, గుచ్చింది అతనే. మావయ్య తాళం ఇచ్చాడు. బండి గేటు దాటుతుంటే పైడిరాజు నాకేసి చూసి చెయ్యి ఊపాడు.

మర్నాడు కబురొచ్చింది. ఒడిశా ఘాట్‌లో తెల్లవారుజామున బండి మలుపు తిరగకుండా నేరుగా లోయలోకి పోయింది. రోడ్డు మీద బ్రేకు వేసిన జాడే లేదన్నారు. శనివారం ఆ పిల్ల బడికి వెళ్ళలేదు.

కర్మకాండలయ్యాక మావయ్య నా బల్ల ముందు వచ్చి కూర్చున్నాడు. అంతకుముందెప్పుడూ ఆయన ఆఫీసు గదిలో కూర్చోలేదు. "ఆడు గుచ్చినాడు. నాను సూసినాను. మరి ఎలాగైనాది అమ్మీ" అన్నాడు, నన్ను కాదు, తనను తానే అడుగుతున్నట్టు. అప్పుడు చెప్పాను, దారం ఎక్కించింది నేనని.

"సూది బండి కోసం కాదమ్మీ. కంటి కోసం. నిద్దర లేనోడికి దారం ఎక్కదు."

"మరి ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదు మావయ్యా?"

"అలిసిపోనావురా అంటే ఏ డ్రైవరు ఒప్పుకుంటాడు? ఆడి మొగతనం మీద కొట్టినట్టుంటాది. బండికి మనసు లేదంటే ఒప్పుకుంటాడు. సిన్నతనం ఉండదు." తర్వాత గొంతు తగ్గించి, "నీకు సెప్పాల్సింది. తప్పు నాది" అన్నాడు.

నాకు ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. నన్ను తిట్టి ఉంటే ఎక్కడో ఒకచోట తేలికపడేదాన్ని. తప్పంతా ఆయనే మోసుకుపోతే నాకు ఏడవడానికి కూడా చోటు మిగల్లేదు.

మర్నాడు ఆయన డ్రైవర్లందర్నీ షెడ్డు కిందకు పిలిచి సూది ఎందుకో చెప్పేశాడు. ఇంకొకడు ఇలా పోకూడదని చెప్పాడు. కానీ ఆయన భయపడ్డదే జరిగింది. పక్షం తిరక్కుండానే డ్రైవర్లు దారం ఎక్కించిన సూదులు జేబుల్లో పెట్టుకు రావడం మొదలుపెట్టారు. ఆయన అటు తిరగ్గానే సూది మార్చేసేవాళ్ళు. ఓనరుకూ సంగతి తెలిసిపోయింది. ఇక దిష్టి భయం లేదు కాబట్టి ఆలస్యం ఒప్పుకోనన్నాడు. ఆ యార్డులో నేను పోగొట్టింది ఒక్క పైడిరాజునే కాదు. ముప్ఫై ఏళ్ళు స్టీరింగు పట్టి మావయ్య కనిపెట్టిన ఒకే ఒక్క ఉపాయాన్ని కూడా పోగొట్టాను.

దసరా నాటికి ఆయన పని మానేశాడు. వెళ్ళేరోజు రేకు డబ్బా నా బల్ల మీద పెట్టి, "ఉంచుకో" అన్నాడు. రెండేళ్ళ తర్వాత పోయాడని ఎవరో ఫోన్‌లో చెప్పారు. అప్పటికి నేను బెంగళూరులో ఉన్నాను. వెళ్ళలేకపోయాను. వెళ్ళలేకపోయానని అనడం నాకు అలవాటైపోయింది. సెలవు దొరికేదే. ఆయన ముఖం చూసే ధైర్యం లేక వెళ్ళలేదు.

ఇప్పుడు నా క్లాసుల్లో కూర్చునేవాళ్ళను చూస్తే ఆ డ్రైవర్లే గుర్తొస్తారు. బాగా నిద్రపోతున్నారా అంటే అవునంటారు, పని భారంగా ఉందా అంటే లేదంటారు. అందరూ దారం ఎక్కించిన సూది జేబులో పెట్టుకునే వస్తారు. వాళ్ళను తప్పు పట్టలేను. అలిసిపోయానని ఒప్పుకుంటే తక్కువైపోతామన్న భయం యార్డులోనూ ఒకటే, ఏసీ గదిలోనూ ఒకటే.

మొన్న క్లాసు అయ్యాక ఒక కుర్రాడు నా దగ్గరకొచ్చాడు. మెడలో ఐడీ కార్డు, కళ్ళ కింద నలుపు. నేనిచ్చిన ప్రశ్నల కాగితం అతని చేతిలో ఖాళీగా ఉంది. "మేడమ్, అర్జెంటు కాల్ ఉంది. అన్నీ ఓకే అని మీరే టిక్కులు పెట్టేయండి ప్లీజ్" అని నవ్వాడు. మంచి నవ్వు. పెన్ను నా చేతిలోనే ఉంది. అరనిమిషం పని.

పక్క కుర్చీ లాగి కూర్చోమన్నాను. పెన్ను అతని చేతికిచ్చాను. "నువ్వే పెట్టు బాబూ. కాల్ సంగతి మీ వాళ్ళకు నేను చెబుతాను" అన్నాను. అతను విసుగ్గానే కూర్చుని, బాగా నిద్రపోతున్నారా అన్న మొదటి ప్రశ్న చదివాడు. మళ్ళీ చదివాడు. పెన్ను గడి దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత అతను జేబులోంచి ఫోన్ తీసి, ఆపేసి, బల్ల మీద బోర్లా పెట్టాడు.

బ్యాగులో రేకు డబ్బా మీద చెయ్యి వేసుకుని పక్కనే కూర్చున్నాను. ఈసారి దారం నేను ఎక్కించలేదు.