పుర్రె మీద అక్క గీసిన గీత

మగ్గం మీద ఒట్టు. గద్వాలలో మా నేతవాళ్ల ఇళ్లల్లో మగ్గం మీద చెయ్యి పెట్టి ఎవరూ అబద్ధమాడరు. నేను ఇప్పుడు చెయ్యి పెట్టే మాట్లాడుతున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే నవ్వుకోండి. మధ్యలో మాత్రం లేచిపోవద్దు... ఒక్కదాన్నే ఉంటే అదంతా మళ్లీ మొదటి నుంచి కళ్ల ముందు తిరుగుతుంది.

మా పద్మక్క చీరలు నేయలేదు. బొమ్మలు వేసింది. చెక్క మీద ఉలితో బొమ్మ చెక్కి, నల్ల సిరా పూసి, పైన కాగితం పరిచి, స్టీలు చెంచా వెనక వైపుతో రుద్ది అచ్చు తీసేది. తలలో గడ్డ ఉందని దవాఖానాలో చెప్పిన తర్వాత చెక్కిన ఆఖరి బొమ్మ పుర్రె. ఎవరి పుర్రో కాదు. స్కానింగ్ ఫిలింను కిటికీకి ఆనించి, చూస్తూ చెక్కుకున్న తన పుర్రె. కింది వరుసలో తన వంకర పన్ను కూడా ఉంది. ఇరవై అచ్చులే తీసింది. ఒక్కోదాని కింద పెన్సిలుతో అంకె వేసి సంతకం చేసింది. ఆఖరిది, ఇరవయ్యోది, నాకిచ్చింది.

ఆ తర్వాత ఉలి అందుకుని, చెక్క మీది పుర్రెకు కణత నుంచి దవడ దాకా ఒక్క గీత దింపింది. నేసిన చీరను మగ్గం నుంచి కోసినప్పుడు మేము పాత పోగులు కొన్ని మగ్గం మీదే ఉంచి, కొత్త పోగుల్ని వాటికే ముడేస్తాం. మగ్గాన్ని బోడిగా వదలం. ఆ ఇంట్లో పుట్టిన మనిషి తన బొమ్మను తనే చంపేసుకుంది.

"గట్ల పాడు చేస్తివేందక్కా?" అన్నాను.

"ఇరవై అయినయి, అయిపోయింది. ఇంక దీన్ని ఎవ్వరు అచ్చు తియ్యొద్దు. నువ్వు గూడ తియ్యొద్దు సరళా."

"నాకేం పని" అని నవ్వాను. అక్క నవ్వలేదు.

అక్క పోయింది. చెక్క ఆమె సామానుతో పాటు శ్రీను బావ దగ్గర ఉండిపోయింది. అక్క భర్తే. వనపర్తిలో ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం అతనిది. అక్కను దవాఖానాకు తిప్పింది నేను. బావకు ప్రతిసారీ ఏదో పని ఉండేది. ఆఖరి రోజు కూడా ఉండింది. ఆ మనిషంటే నాకు కడుపుమంట. దాచుకునేదేమీ లేదు.

ఈ ఎండాకాలం నాగర్‌కర్నూల్‌లో ఒక టీచరమ్మ ఇంటికి పెళ్లి చీర ఇచ్చిరావడానికి పోయాను. ఆమె హాల్లో గోడ మీద... అక్క పుర్రె. దగ్గరికి పోయి చూశాను. కింద పెన్సిలుతో ఇరవైలో ఇరవయ్యోదని రాసి ఉంది. అసలు ఇరవయ్యోది మా ఇంట్లో మగ్గం పైన వేలాడుతోంది. ఎక్కడిదమ్మా అంటే, "వనపర్తిల, ఫ్రేముల దుకాణంల తెచ్చుకున్న" అంది. నేను నీళ్లు కూడా తాగకుండా వనపర్తి బస్సెక్కాను.

చేరేసరికి చీకటి పడింది. దుకాణం షట్టర్ సగం దించి ఉంది. వంగి లోపలికి పోతుంటే వెనక గదిలో నుంచి చప్పుడు... సర్... సర్... కాగితం మీద చెంచా. అక్క పక్కన కూర్చుని ఏళ్ల తరబడి విన్న చప్పుడు. ఇప్పుడు బావ చేతి కింద వినపడుతోంది.

"ఏంది బావా ఇది? అక్క గీత కొట్టిన చెక్క గదా."

అతను తల కూడా ఎత్తలేదు. "పూడ్చిన. రంపప్పొట్టు, జిగురు కలిపి నింపిన. తడిమి చూడు, తెల్వనే తెల్వదు."

"అక్క వద్దన్నది."

"మీ అక్క పోయింది. బొమ్మ ఉన్నది. మంది అడుగుతుండ్రు. నేను తీస్తే తప్పేంది?"

తడిమాను. నున్నగా ఉంది. అతను నా ముందే ఇంకో కాగితం పరిచాడు. అప్పుడే కరెంటు పోయింది.

బావ ఫోన్ లైటు వేసి గోడకు ఆనించాడు. రుద్దడం ఆపలేదు. సర్... సర్... కాగితం అంచు పట్టి మెల్లగా లేపాడు. నల్లటి పుర్రె. దాని కణత మీద... తెల్లటి గీత.

చెక్క మీద వేలు పెట్టి చూశాడు. నున్నగానే ఉంది. "సిరా సక్కగ అంటలే" అని గొణిగి, మళ్లీ పూసి, మళ్లీ రుద్దాడు. ఈసారి గీత చెంప ఎముక దాటింది.

నిజం చెప్తున్నాను. అప్పుడు నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. కడుపులో చల్లగా అయింది.

"ఇంకోటి తియ్యి బావా" అన్నాను.

తీశాడు. గీత దవడ దాకా దిగింది. కింది వరుసలో వంకర పన్ను... లేదు. పై వరుసలో ముందు పన్ను సగం విరిగి ఉంది. బావ బండి మీది నుంచి పడి విరగ్గొట్టుకున్న పన్ను అది. అతను చూశాడు. నాలుకతో తన పన్ను తడుముకున్నాడు. చెంచా పక్కన పెట్టేశాడు.

అతని రెండు చేతులూ ఖాళీ. నా చేతులూ ఖాళీ.

సర్...

సర్...

చప్పుడు ఆగలేదు. తొందర లేదు. పొడుగ్గా రెండుసార్లు, పొట్టిగా ఒకసారి... అక్క అట్లాగే రుద్దేది. ఎక్కడి నుంచి వస్తోందో చెవి పెట్టి విన్నాను. బల్ల మీది నుంచి కాదు. బావ చెంప దగ్గర నుంచి.

అతను కణత పట్టుకున్నాడు. "సరళా... నా చెయ్యే బాగ లేదేమో. జర నువ్వొక్కటి తీసి చూడు."

"దవాఖానల అక్కకు తోడుండుమంటే రాకపోతివి. ఇయ్యాల నన్ను తోడు అడుగుతున్నవా?"

అన్నాను గానీ, చెంచా అందుకున్నాను. నా చేతికి శుభ్రమైన బొమ్మ రావాలి. అక్క కోపం తన ఒక్కడి మీదనే అని ఆ మనిషి కళ్లారా చూడాలి. అతని మొహం చూస్తూ కసితీరా రుద్దాను. కాగితం లేపుతుంటే కరెంటు వచ్చింది. ఆ చప్పుడు ఆగిపోయింది.

శుభ్రంగా వచ్చింది. అక్క పుర్రె, వంకర పన్నుతో సహా. గీత లేదు.

"సూడు బావా" అని తిప్పాను. బావ ఒక కన్ను మూతపడటం లేదు. నోరు ఆ పక్కకే జారిపోయి ఉంది.

పక్క దుకాణం వాళ్లు వచ్చి అతన్ని దవాఖానాకు తీసుకుపోయారు. "నువ్వు గూడ రామ్మా" అన్నారు. నాకు పని ఉందన్నాను. ఆ మాట అంటుంటే ఎంత తీయగా ఉండిందో మీకు చెప్పలేను. నరం దెబ్బతిన్నదని డాక్టర్లు అన్నారట. నోరు ఇప్పటికీ సరిగ్గా రాలేదు.

చెక్కనూ, నేను తీసిన అచ్చునూ సంచిలో పెట్టుకుని గద్వాల బస్సెక్కాను. బీచుపల్లి వంతెన మీద పక్కన కూర్చున్న ముసలమ్మ కృష్ణకు దండం పెట్టుకుంటోంది. చెక్కను నదిలో వేద్దామని బయటికి తీశాను. పూడిక పొడిపొడిగా నా ఒడిలో రాలిపోయింది. జిగురు ఎండిపోయి ఉంటుంది... అంతేనేమో. అక్క గీత మాత్రం కొత్తగా చెక్కినట్టు కనబడింది. పారేయడానికి చెయ్యి రాలేదు.

అప్పుడు బస్సు లైటులో నా అచ్చు విప్పాను. పుర్రె కణత మీద తెల్లగా చిన్న గాటు. బియ్యపు గింజంత. వనపర్తిలో అది లేదు. ఒట్టేసి చెప్తున్నాను, లేదు.

ఆ కాగితం ఇప్పుడు మా ఇంట్లో గోడవైపు తిప్పి ఉంది. తిప్పి చూడటం మానేశాను. పొద్దున తల దువ్వుకుంటుంటే ఎడమ కణత దగ్గర దువ్వెన తగిలినట్టు తెలియడం లేదు. నిద్ర సరిపోక అనుకుంటాను. అక్క తరఫునే కదా నేను ఆ చెంచా పట్టింది... కానీ "నువ్వు గూడ" అని చెప్పే పోయింది. ఆ చీకట్లో అది నా చెయ్యి అని అక్కకు తెలియలేదా... తెలిసే గీసిందా?