నేను క్షమించిన మనిషి

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది ఊరికే నోటితో అన్నది కాదు. ఆంజనేయస్వామి ముందు వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పింది. మా ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ముందు నా గుణం చెప్పాలి. ఎవరైనా నన్నొక మాట అంటే మర్చిపోలేను. మా చిన్నాయన కొడుకు పెళ్లిలో నన్ను రెండో పంక్తిలో కూర్చోమన్నవాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది. కరెంటాఫీసులో నన్ను గంటసేపు నిలబెట్టిన గుమాస్తా మీద అర్జీల మీద అర్జీలు రాశాను. అతను బదిలీ అయి పోయాక కూడా రెండు రాశాను. న్యాయం కోసం పోట్లాడుతున్నాననే అనుకునేవాణ్ణి. నిజంగా న్యాయం కోసమేనా? ఆ ప్రశ్న అప్పుడే వేసుకుని ఉంటే ఒక మనిషి పని మిగిలేది.

నల్లమాడ దగ్గర నాకు శనక్కాయలు ఒలిచే మిల్లు ఉండేది. ట్రాక్టరు మీద నుంచి పడి ఎడమకాలు చెడింది. క్లచ్ తొక్కలేను. అందుకని బెంగళూరులో ఒక పాత ఆటోమేటిక్ కారు కొన్నాను. గేర్లు అదే మార్చుకుంటుంది, కుడికాలు ఒక్కటి చాలు. వరసగా వానలు మోసం చేసిన ఏళ్లవి. ఎక్కడో నాలుగు బస్తాలు పండాయని తెలిస్తే నేనే పోయి రైతుతో మాట్లాడుకుంటే తప్ప మిల్లు తిరిగేది కాదు. కారు ఆగితే మిల్లు ఆగినట్టే.

ఆ కారు జారడం మొదలుపెట్టింది. తొక్కితే ఇంజను గట్టిగా అరుస్తుంది, బండి మాత్రం అంత వేగం అందుకోదు. ఎత్తు ఎక్కేటప్పుడు మరీ ఘోరం. లోపల ఏదో పట్టు వదిలేసినట్టు ఉండేది.

కదిరిలో ఆటోమేటిక్ బండిని ముట్టుకునే మెకానిక్ ఒక్కడే, ఏసురత్నం. బెంగళూరులో పని నేర్చుకుని వచ్చి రోడ్డు పక్కన షెడ్డు వేసుకున్నాడు. ముందు తనే బండి నడిపి చూశాడు. తర్వాత ఇంజను ఆపకుండానే గేరు నూనె కొలిచే పుల్ల బయటికి లాగి, ఒక చుక్క తెల్లగుడ్డ మీద వేసి వాసన చూశాడు. నూనె ఎర్రగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, నల్లబడి మాడు వాసన వస్తే లోపల ప్లేట్లు కాలినట్టు అని చెప్పాడు. నా బండి నూనె ఎర్రగానే ఉంది. తక్కువైంది, అంతే. రేడియేటరుకు పోయే పైపు దగ్గర కారుతోంది.

నేను ఒప్పుకోలేదు. ఇంటి దగ్గర చూశాననీ నిండుగానే ఉందనీ వాదించాను. ఇంజను ఆపి చూశావా అని అడిగాడు. అవునన్నాను. ఆపితే నూనంతా కిందికి దిగి నిండుగా కనిపిస్తుందట. పకపకా నవ్వాడు.

“ఇది నీ బోరు ఇంజను కాదన్నా, ఆపి చూసేకి! కాలు పాయె, కండ్లు కూడా పాయెనా నీకు?”

అక్కడ నలుగురు లారీ డ్రైవర్లు ఉన్నారు. వాళ్లూ నవ్వారు. ఏసురత్నం మనసులో ఏమీ లేదు. అందరితోనూ అట్లాగే మాట్లాడతాడు. అది నాకు అప్పుడు కూడా తెలుసు.

పైపు బిగించి, ఎర్ర నూనె నింపి, ఇంకో రకం నూనె చుక్క కూడా పోయొద్దని చెప్పి, వారం తర్వాత మళ్లీ చూపించమన్నాడు. నేను పోలేదు. ఆ నవ్వుల మధ్యకు మళ్లీ పోవడమా? మూడు వారాలకు బండి మళ్లీ జారింది. అప్పుడు నేనేం చేశానో రాయాలి. మిల్లులో ట్రాక్టరుకు వాడే చిక్కటి గేరు నూనె ఉండేది. సీసా అడుగు కోసి గరాటు చేసుకుని దాన్ని పోశాను. బెల్లం పాకంలాగా మెల్లగా దిగింది. తప్పని తెలిసే పోశాను. వాడి నూనె లేకుండా నా బండి నడవదా చూద్దాం అనుకున్నాను. ఒక పూట నడిచింది కూడా. గెలిచాననుకున్నాను. మర్నాడు ముదిగుబ్బ దాటాక ఎత్తులో పొగ వచ్చి నిలిచిపోయింది.

ట్రాక్టరుకు కట్టి షెడ్డుకు లాక్కొచ్చాం. ఏసురత్నం కింద పడుకుని గేరుబాక్సు అడుగు పళ్లెం విప్పాడు. నల్లటి ముద్దలాంటి నూనె దిగింది. వేలికి అంటించుకుని వాసన చూశాడు.

“ఈ ట్రాక్టరు నూనె ఎవరు పోసినారన్నా దీంట్లో?”

ఆ రోజు నవ్విన డ్రైవర్లు ఇద్దరు అక్కడే ఉన్నారు.

“నువ్వే కదప్పా పోసినావు. నీ చెయ్యి తప్ప ఇంగో చెయ్యి పడలేదు దీని మీద.”

“నేనా? ఏ నూనె పోయాల్నో నాకు తెలీదా?”

“తెలిసుంటే నా బండి ఇట్ల యాల అయితాది?”

అతను గుడ్డతో చేతులు తుడుచుకుని లేచాడు. “నేను చర్చికి పోయేటోణ్ణి. అయినా ఈడ పుట్టి పెరిగినోణ్ణి. మీరు అబద్ధానికి కర్పూరం ఆర్పరని నాకు తెలుసు. ఆర్పన్నా. ఆర్పితే తప్పు నాదేనని అందరి ముందర ఒప్పుకుంటా.”

ఆంజనేయస్వామి గుడి ఆ రోడ్డు చివరనే ఉంది. కుంటుకుంటూ నడిచాను. దారి పొడుగునా వెనక్కి తిరగడానికి వీలుంది. ఎందుకు తిరగలేదు? డ్రైవర్లు వెంట వస్తున్నారని. అంతకంటే పెద్ద కారణం కోసం ఏడేళ్లుగా వెతుకుతున్నాను, దొరకలేదు. అరచెయ్యి కర్పూరం మీద పెట్టాను. ఆరిపోయింది.

అతను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తన చేతుల్ని తిప్పి చూసుకున్నాడు. “అయితే డబ్బా మారి ఉంటాది,” అన్నాడు.

నమ్మాడండీ. నా ప్రమాణాన్ని నమ్మి తన చేతుల్ని నమ్మడం మానేశాడు. ఆ తర్వాత ప్రతి డబ్బానూ మూడుసార్లు వాసన చూసేవాడట. నూనె పోసే ముందు బండివాణ్ణి పిలిచి ఇది ఎర్రగానే ఉందా అని అడిగేవాడట. రంగు చెప్పలేని మెకానిక్ దగ్గరికి ఎవరు పోతారు? బిగించిన బోల్టులే విప్పి మళ్లీ బిగిస్తుంటే డ్రైవర్లు విసుక్కుని వేరే షెడ్లకు పోయారు. రెండేళ్లకు షెడ్డు మూసేశాడు. ఇదంతా నాకు ఎప్పటికప్పుడు తెలుస్తూనే ఉంది. మొదట్లో సంతోషించాను కూడా. అది దాచి మిగతాది చెప్పడంలో అర్థం లేదు.

పోయిన ఏడాది తాడిపత్రి బస్సులో కనిపించాడు. అక్కడ ఒక సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉంటున్నాడట. నా కాలు చూసి లేచి సీటిచ్చాడు. దిగే ముందు వంగి, నీ బండి నా వల్లనే పాయె, మనసులో పెట్టుకోవద్దన్నా అన్నాడు. నోరు తెరిస్తే చాలు. నిజం నాలుక మీదే ఉంది. “పోనీలేప్పా, ఎవరికైనా జరుగుతాది,” అన్నాను.

నేను అతన్ని క్షమించాను! కర్పూరం ఆర్పిన పాపం కంటే అదే నన్ను కాల్చుకు తింటోంది. తర్వాత రెండుసార్లు ఆ గేటు దాకా పోయాను. అతను లారీల నంబర్లు రాసుకోవడం దూరం నుంచి చూసి వచ్చేశాను. ఒక్కో నంబరూ రాశాక మళ్లీ తలెత్తి లారీతో సరిచూసుకుంటున్నాడు.

మీరు నన్ను క్షమించాలని రాయలేదు. ఆ మాట ఎంత చవకగా అనొచ్చో నాకు తెలుసు. అతని ముందు నిలబడగలనో లేదో ఈ రోజుకీ తెలియదు. ఒక్కటి మాత్రం రాయగలను. ఆ నూనె పోసింది నేను. ఏసురత్నం చేతుల్లో ఏనాడూ తప్పు లేదు. ఇంతవరకూ ఈ రెండు మాటలు నేను కాగితం మీద చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాను. వాటిని కొట్టెయ్యలేదు.